అలసిన కాళ్లు ఎంత ఊగుతాయో ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

ఇరవై, ఇరవై అయిదేళ్ల వయసు. ఏ జబ్బూ లేదు, రోజూ గ్రౌండ్‌కి పోతారు. కాళ్లు అలసిపోతే కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందిలే అనుకుంటారు. నిజమే, సర్దుకుంటుంది. అయితే సర్దుకునేలోపు పదో ఇరవయ్యో నిమిషాల పాటు మీ నిలకడ మామూలుగా ఉండదు. చిక్కేమిటంటే ఆ తేడా మీకు తెలియదు. ఆయాసం తెలుస్తుంది, చెమట తెలుస్తుంది, పిక్కలు బిగుసుకుపోవడం తెలుస్తుంది. నిలకడ తగ్గిన సంగతి మాత్రం కాలు మడతపడ్డాకే తెలుస్తుంది.

అందుకే దాన్ని ముందుగానే కొలిచి పెట్టుకోమంటాను. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం పరిగెత్తేవాళ్లు, కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్లు, సెలవు దొరికితే నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ ఎక్కేవాళ్లు, వరినాట్లకీ పొగాకు బ్యారన్ (ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం) పనికీ వెళ్లేవాళ్లు, అందరికీ పనికొచ్చేదే ఇది. మిషన్లు అక్కర్లేదు. సుద్దముక్క, టైలర్ టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోటు పుస్తకం, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

ముందు, లోపల ఏం జరుగుతుందో చూడండి

చెప్పులు విప్పి ఒంటికాలి మీద నిలబడి కిందికి చూడండి. చీలమండ ముందువైపు మనం నరాలు అనుకునేవి కొన్ని కనిపిస్తాయి. అవి నరాలు కావు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు. ఒకటి ఉబ్బి తగ్గేలోపు పక్కది ఉబ్బుతుంది. బొటనవేలు నేలను నొక్కుతుంది, వదులుతుంది, మళ్లీ నొక్కుతుంది. పాదం లోపలి అంచు మీద ఉన్న బరువు బయటి అంచు మీదికి పోయి తిరిగొస్తుంది. మీరు కదలకుండా నిలబడ్డాననే అనుకుంటున్నారు. కాలు మాత్రం ఒక్క క్షణం కూడా ఊరుకోవడం లేదు.

ఈ సర్దుబాటుకి మెదడు మూడు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది. కళ్లు ఒకటి. చెవి లోపలి భాగంలో ఉండే బ్యాలెన్స్ అవయవం ఒకటి. మూడోది పాదాల నుంచీ కాళ్ల కండరాల నుంచీ వచ్చేది. కండరాల్లో మజిల్ స్పిండిల్స్ అని సన్నటి సెన్సర్లు ఉంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అని అవి చెబుతూ ఉంటాయి. కళ్లు మూసుకున్నా మీ మోకాలు ఎంత వంగి ఉందో మీకు తెలుస్తున్నదంటే చాలావరకు వాటి వల్లనే.

కండరం అలసినప్పుడు మూడు పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. బలం తగ్గుతుంది, ఉన్న బలం కూడా నిలకడగా రాక వణుకుతూ వస్తుంది. కీలు ఎక్కడుందో చెప్పే సమాచారంలో తేడా వస్తుంది. మెదడు ఆర్డర్ వేశాక కండరం నిజంగా లాగడానికి పట్టే సమయం పెరుగుతుంది. ఆలస్యం సెకనులో చిన్న వంతే కావచ్చు. చీలమండ పక్కకి తిరిగిపోవడానికి ఆ వంతే ఎక్కువ.

ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లలో దీన్ని కప్పిపుచ్చే సంగతి ఒకటుంది. కాళ్ల నుంచి వచ్చే సమాచారం తగ్గితే మెదడు కళ్ల మీద ఎక్కువ ఆధారపడుతుంది. చీలమండతో సర్దుకోవాల్సింది తుంటితో సర్దుకుంటుంది. బయటికి అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. చీకటి పడినప్పుడో, బురదనీళ్లలో పాదం కనిపించనప్పుడో, ఎదుటివాడి మీద చూపు పెట్టి ఆడుతున్నప్పుడో ఆ ఆధారం పోతుంది. అప్పుడు అసలు లోటు బయటపడుతుంది. మన పరీక్షలో కళ్లు మూసుకోమనేది అందుకే.

ఎవరు చేయకూడదు

ఈమధ్య చీలమండ బెణికినవాళ్లు, మోకాలి లిగమెంట్ దెబ్బ ఉన్నవాళ్లు, తలతిరుగుడు ఉన్నవాళ్లు, చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు, జ్వరం తగ్గి వారం కూడా కానివాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. గుండె జబ్బుకి మందులు వాడుతుంటే డాక్టర్ని అడగకుండా అలసట భాగం చేయకండి. మిగతావాళ్లు కూడా ఒంటరిగా చేయకూడదు.

చోటు, టైమ్

గట్టిగా, సమంగా, పొడిగా ఉన్న నేల చూసుకోండి. నాపరాళ్లు పరిచిన వరండా బాగుంటుంది. చీమకుర్తి గ్రానైట్ వేసిన నున్నటి హాలైతే చెమట పట్టిన పాదం జారుతుంది, ఒక పాత గుడ్డతో పాదాలు తుడుచుకుంటూ ఉండాలి. పిట్టగోడ లేని మిద్దె మీద అసలు వద్దు. ఒక చెయ్యి చాస్తే గోడ అందేలా నిలబడండి. పరీక్ష అంతా ఉత్తకాళ్లతోనే.

ప్రతిసారీ ఒకే టైమ్‌కి చేయండి. తిన్న వెంటనే వద్దు, నిద్ర లేచిన వెంటనే కూడా వద్దు. మన వైపు ఎండాకాలంలో అయితే ఎండ ఎక్కకముందే ముగించండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం చేసి, వడదెబ్బ తూలుడుని కాళ్ల అలసట లెక్కలో రాసుకుంటే లెక్కంతా తప్పు.

అలసట లేనప్పటి లెక్క

ఇది మొదటి పని, దీన్ని తొందరపడి చేయకండి. తర్వాత వచ్చే ప్రతి అంకెనీ దీంతోనే పోల్చాలి.

స్పోర్ట్స్ ఫిజియోలు తలకి దెబ్బ తగిలిన ఆటగాళ్లని చూడటానికి వాడే పద్ధతి ఒకటుంది, దాన్నే మనకి సరిపడేలా తీసుకుందాం. నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుని 20 సెకన్లు నిలబడాలి. మొదట రెండు పాదాలూ దగ్గరగా పెట్టి. తర్వాత ఒంటికాలి మీద, రెండో కాలు మోకాలి దగ్గర వంచి, నేలకీ నిలబడ్డ కాలికీ తగలకుండా. ఆ తర్వాత ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్లు ఆనేలా ముందూ వెనకా పెట్టి.

పక్కనున్న తమ్ముడో చెల్లెలో స్నేహితుడో తప్పులు లెక్కపెట్టాలి. చేతులు నడుం మీద నుంచి లేస్తే ఒకటి. కళ్లు తెరిస్తే ఒకటి. అడుగు పడినా, తూలినా, రెండో కాలు కింద పెట్టినా ఒకటి. మడమ గానీ మునివేళ్లు గానీ నేల నుంచి లేస్తే ఒకటి. తుంటి దగ్గర కాలు పక్కకి బాగా, అంటే 30 డిగ్రీలు దాటి పోతే ఒకటి. మళ్లీ సరైన భంగిమలోకి రావడానికి 5 సెకన్లు దాటితే ఒకటి. ఒకేసారి రెండు మూడు తప్పులు జరిగితే ఒక్కటిగానే లెక్క. ఒక భంగిమకి 10 మించి వేయకూడదు. లెక్కపెట్టేవాళ్లు మొహమాటపడి తగ్గించకూడదని ముందే చెప్పండి.

రెండు పాదాల మీద చాలామందికి సున్నా వస్తుంది, దాని గురించి ఆలోచించక్కర్లేదు. అసలు విషయం ఒంటికాలి దగ్గరే తెలుస్తుంది. కుడికాలికి వేరుగా, ఎడమకాలికి వేరుగా చేయండి. బంతి తన్నేది కుడికాలైతే ఎడమకాలే గట్టిగా నిలబడుతుందని చాలామంది అనుకుంటారు. అనుకోవడం వద్దు, కొలవండి.

ఇంకో జాగ్రత్త. మొదటి రోజు ఎవరికైనా తప్పులు ఎక్కువ వస్తాయి, నాలుగైదు సార్లు చేసేసరికి అలవాటు మీద తగ్గుతాయి. మొదటిసారి వచ్చిన అంకెనే అసలు లెక్కగా పెట్టుకుంటే, తర్వాత అలసట వల్ల పెరిగినవీ అలవాటు వల్ల తగ్గినవీ కలిసిపోయి ఏమీ అర్థం కాదు. ఒకరోజు ముందు ఊరికే ప్రాక్టీస్ చేసి, మర్నాడు మూడుసార్లు చేసి సగటు రాసుకోండి.

కాలు చాచి కొలవడం

కదలకుండా నిలబడటం ఒక ఎత్తు, వంగుతూ కదులుతూ నిలబడటం ఒక ఎత్తు. ఆటలోనూ పనిలోనూ కావలసింది రెండోదే. దీనికి నేల మీద సుద్దతో ఒక నిలువు గీత గీయండి. గీత మొదట్లో నిలబడే కాలి బొటనవేలు పెట్టండి. చేతులు నడుం మీదే ఉంచి, రెండో కాలు ముందుకి చాచి, వేలి కొసతో గీతను ఎంత దూరంలో తాకగలరో తాకి వెనక్కి రావాలి. తాకడమే, బరువు మోపకూడదు. నిలబడ్డ కాలి మడమ లేవకూడదు. తూలితే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. టేపుతో సెంటీమీటర్లలో కొలిచి, ఒక్కో కాలికి మూడుసార్లు చేసి ఎక్కువ వచ్చింది రాసుకోండి. ఇక్కడ కళ్లు తెరిచే ఉండాలి.

కుడి ఎడమల మధ్య 4 సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే కాస్త పట్టించుకోండి. హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, అంత తేడా ఉన్నవాళ్లకి సీజన్‌లో కాళ్ల దెబ్బలు ఎక్కువ తగిలాయి. అలాగని తేడా ఉన్న ప్రతివాడికీ దెబ్బ తగులుతుందని కాదు. వెనకబడ్డ కాలికి పని ఎక్కువ ఇవ్వాలని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు కాళ్లను అలసిపోనివ్వండి

పిక్కలు ఒకరోజు, తొడలు ఇంకోరోజు. మధ్యలో కనీసం మూడు రోజులు వదలండి. రెండూ ఒకేరోజు చేస్తే ఏది దేనివల్లో తేలదు, పైగా మర్నాడు మెట్లు దిగలేరు.

పిక్కలకి: మెట్టు అంచు మీద మునివేళ్లతో ఒంటికాలి మీద నిలబడి, వేలి కొసలు గోడకి ఆనించి, మడమ పైకెత్తి దించాలి. సెకనులో పైకి, సెకనులో కిందికి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (లెక్క ప్రకారం టిక్ టిక్ మని కొట్టేది) నిమిషానికి 60 మీద పెట్టుకుంటే వేగం తప్పదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒంటికాలి మీద 25 సార్లు లేవగలగాలని ఫిజియోలు చాలాకాలంగా ఒక అంచనా పెట్టుకున్నారు. మీరు అంకె కోసం చూడొద్దు. మొదట లేచినంత ఎత్తుకి వరసగా రెండుసార్లు మడమ లేవకపోతే ఆపేయండి. అక్కడికి మీ పిక్క అలసినట్టు.

తొడలకి: గుంజీళ్లు తీయండి, లేదా గోడకుర్చీ వేయండి. బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీయే, తొడలని త్వరగా అలసిపోనిచ్చే మంచి పద్ధతి. వీపు గోడకి ఆనించి, తొడలు నేలకి సమాంతరంగా వచ్చేదాకా జారి, ఉండగలిగినంతసేపు ఉండండి. తొడలు వణికి, వీపు కిందికి జారిపోతున్నప్పుడు ఒక నిమిషం రెస్ట్ ఇచ్చి మళ్లీ వేయండి. మూడోసారికి సగం సేపు కూడా ఉండలేకపోతే చాలు. మోకాలి చిప్ప కింద పోటు పుడితే మాత్రం అక్కడే ఆపాలి. మంట వేరు, పోటు వేరు.

పిక్కల అలసట ఎక్కువ చేటా, తొడలు తుంటి అలసట ఎక్కువ చేటా అంటే, ఒంటికాలి నిలకడ మీద జరిగిన కొన్ని పరిశోధనల్లో తుంటి, మోకాలి కండరాల అలసటే ఎక్కువ ఊపింది. మీ విషయంలో ఏది నిజమో మీ నోటుబుక్కే చెబుతుంది.

వెంటనే, ఆ తర్వాత

ఆపిన నిమిషంలోపు ఒంటికాలి పరీక్ష మొదలుపెట్టాలి. నీళ్లు తాగి, మొహం కడుక్కుని వచ్చేసరికి సగం అలసట దిగిపోతుంది. మళ్లీ 5, 10, 15, 20 నిమిషాలకి ఒంటికాలి పరీక్ష ఒక్కటే చేయండి. అన్నీ చేస్తూ పోతే పరీక్షలే కొత్త అలసట తెస్తాయి. మధ్య మధ్యలో కూర్చోండి.

పిక్కలు, తొడలు అయ్యాక ఓపికుంటే ఇంకోరోజు పరుగు తర్వాత కూడా చూడండి. అప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గట్టిగా పరిగెత్తి ఆగినప్పుడు ఎగశ్వాస వల్ల ఛాతీ, పొట్ట కదిలి ఒళ్లంతా ఊగుతుంది. మొదటి రెండు మూడు నిమిషాల ఊపులో దాని వాటా కూడా ఉంటుంది. ఊపిరి కుదుటపడ్డాక కూడా మిగిలిన ఊపే కాళ్లది. పరుగు ఆపిన వెంటనే కదలకుండా నిలబడి పరీక్ష చేయొద్దు, రెండు మూడు నిమిషాలు నడిచి అప్పుడు మొదలుపెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

నోటుబుక్‌ని ఎలా చదవాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. అలసట లేనప్పుడు ఎడమకాలికి సగటున 3 తప్పులు. గోడకుర్చీ తర్వాత 7. అయిదు నిమిషాలకి 6, పదికి 4, పదిహేనుకి 3. ఇలా ఉంటే మీ కాళ్లకి పదిహేను నిమిషాల గడువు కావాలన్నమాట. ఒకరికి పది నిమిషాలకే దిగుతుంది, ఒకరికి ఇరవై పడుతుంది. మీ గడువు ఎంతో తెలిస్తే సగం పని అయినట్టే.

తప్పులు అసలేమీ పెరగకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. మీరు సరిగా అలసిపోలేదు, లేదా మీ నిలకడ నిజంగా గట్టిది. ఇంకో రోజు చేసి చూడండి. ఒక్క తప్పు అటూ ఇటూ అయితే దానికి అర్థం వెతకొద్దు, మామూలు రోజుల్లో కూడా అంత తేడా వస్తుంది.

తప్పు ఎలా జరిగిందో కూడా పక్కన రాయించుకోండి. మడమ దగ్గర వణికి కాలు పడిపోయిందా? పిక్క, పాదం చూసుకోవాలి. మోకాలు లోపలికి వాలిందా, నడుం ఒకవైపు ఒరిగిందా? తుంటి పక్కన ఉండే కండరాలకి పని పెట్టాలి. చూసి చెప్పేవాళ్లకి ఇది స్పష్టంగా కనిపిస్తుంది, చేసేవాళ్లకి తెలియదు. ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

గ్రౌండ్‌లో

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్ జంప్ ఉంటాయి. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, మీ ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లోనో ప్రాక్టీస్ చేసేటప్పుడు 1600 కాగానే ఆయాసంతోనే జంప్ పిట్ దగ్గరికి పోవద్దు. టేకాఫ్ బోర్డు మీద ఒంటికాలి మీదే ఒళ్లంతా మోయాలి, దిగేటప్పుడు తొడలు బ్రేక్ వేయాలి. రెండూ ఇప్పుడే అలసిన కండరాలే. జంప్ టెక్నిక్ నేర్చుకునే రోజుల్లో జంప్ ముందు, పరుగు తర్వాత పెట్టుకోండి. టెక్నిక్ వచ్చాక వారానికి ఒకసారి పరుగు తర్వాత, మీ నోటుబుక్‌లో తేలిన గడువు ఇచ్చి, జంప్ చేసి చూడండి. సెలక్షన్ రోజున ఏది ముందు పెడతారో మన చేతిలో లేదు, రెండింటికీ ఒళ్లు సిద్ధంగా ఉండాలి.

మైపాడులోనో కొత్తపట్నంలోనో బీచ్ రన్నింగ్ చేసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. మెత్తటి ఇసుకలో నడకకి గట్టి నేల మీదికన్నా రెండు రెట్లకి పైగా శక్తి ఖర్చవుతుంది. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లు ఇసుకలోనూ నాలుగే పరిగెత్తి, వెంటనే వాలీబాల్ నెట్ దగ్గరికి పోతారు. స్మాష్ కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు చీలమండ మడతపడేది అక్కడే. పరుగు సగానికి తగ్గించండి, లేదా ఆట ముందు ఆడండి.

కబడ్డీలో రెయిడర్‌కి చూపంతా ఎదుటివాళ్ల చేతుల మీదే ఉంటుంది, పాదాలు చూసుకునే తీరిక ఉండదు. సెకండ్ హాఫ్‌లో వరసగా రెయిడ్లకి ఒకణ్ణే పంపకుండా కెప్టెన్ మార్చి మార్చి పంపితే ఆటకీ మంచిది, కాళ్లకీ మంచిది.

ప్రాక్టీస్ అయ్యాక బండి మీద ఇంటికి పోయేవాళ్లకి ఒక మాట. స్లో అయి ఆగేటప్పుడు బండి బరువంతా ఒక కాలి మీద పడుతుంది. గేటు దాటగానే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆ కాలు జావగారితే బండితో సహా పక్కకి పడతారు. పది నిమిషాలు కూర్చుని, కబుర్లు చెప్పుకుని బయల్దేరండి.

కొండ దిగేటప్పుడు

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. ఎక్కడం ఆయాసం, దిగడం సుఖం అనుకుంటాం. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ, బ్రేక్ వేస్తూ పని చేస్తుంది. ఆయాసం తక్కువగానే ఉంటుంది, కానీ కండరం నారలకి దెబ్బ ఎక్కువ తగిలేది ఈ సాగే పనిలోనే. కొండ దిగిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసేది అందుకే. ఆ నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది. అన్ని రోజులూ కాలి బలం, కీలు ఎక్కడుందో తెలిసే గ్రహింపు రెండూ పూర్తిగా తిరిగి రావు. పైన చెప్పిన ఇరవై నిమిషాల గడువు ఇక్కడ పనిచేయదు.

ఉదయగిరి దుర్గాన్నే తీసుకోండి. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేస్తే గానీ 1514లో చేతికి రాని కోట. పైకి పోయేసరికే తొడలు సగం అయిపోతాయి. పైన ఫొటోలు తీసుకుని సాయంత్రం అయ్యాక హడావిడిగా దిగుతారు. కాళ్లు అలసి ఉన్నాయి, కాబట్టి మెదడు కళ్ల మీద ఆధారపడుతోంది. చీకటి పడుతోంది, కాబట్టి కళ్ల ఆధారమూ పోతోంది. రెండూ కలిసి వచ్చే వేళ అది. వెలుతురు బాగా ఉన్నప్పుడే దిగడం మొదలుపెట్టేలా ఎక్కే టైమ్ లెక్క వేసుకోండి. పైన కనీసం అరగంట కూర్చోండి, నీళ్లు తాగండి, ఏదైనా తినండి.

దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి, మోకాలు కాస్త వంచే ఉంచండి. ఎత్తు మెట్టు వస్తే పక్కకి తిరిగి దిగండి. పక్కన బండ ఉంటే వేలి కొసలు దానికి ఆనించండి, రెయిలింగ్ ఉన్న గుడి మెట్లైతే రెయిలింగ్‌కి. గట్టిగా పట్టుకోనక్కర్లేదు. వంద గ్రాముల కన్నా తక్కువ ఒత్తిడితో వేలు ఆనించినా ఒళ్లు ఊగడం బాగా తగ్గుతుందని 1990ల్లోనే పరిశోధకులు చూపించారు. అది మిమ్మల్ని మోయడం లేదు, మీరు ఎటు ఊగుతున్నారో మెదడుకి చెబుతోంది. కాళ్ల కండరాలు అలసినవాళ్లలో కూడా ఇది పనిచేస్తుంది. చేతికర్ర ఉంటే సరే సరి. ముసలివాళ్లకే కర్ర అనుకుని మొహమాటపడకండి.

పొలంలో, బ్యారన్‌లో

నాట్లు వేసేవాళ్లు గంటల తరబడి వంగి, బురదలో వెనక్కి నడుస్తారు. ఒక్కో అడుగుకీ పాదాన్ని బురద లాగి పట్టుకుంటుంది. పాదం కనిపించదు. అంతసేపూ ఉండి, నారు కట్ట నెత్తిన పెట్టుకుని సన్నటి గట్టు ఎక్కితే, అలసిన కాళ్లు, బురద పాదాలు, పైన బరువు మూడూ ఒకచోట చేరతాయి. నెత్తి మీద బరువు ఉంటే ఊపు సర్దుకోవడం ఇంకా కష్టం. నారు మోయడం పని మొదట్లో పెట్టుకుంటే మంచిది. కుదరకపోతే గట్టు మీద కాసేపు కూర్చుని, పాదాలు కడుక్కుని, అప్పుడు ఎత్తుకోండి.

ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ల లోపల అడ్డకర్రల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, కింది నుంచి అందించే ఆకు కర్రలు పైన పేర్చేవాళ్లు ఉంటారు. వెలుతురు తక్కువ, వేడి ఎక్కువ, కాళ్లు ఎంతసేపైనా ఒకే తీరున ఉండాలి. పైన ఉన్నవాళ్లని గంటలకొద్దీ పైనే ఉంచకుండా కిందివాళ్లతో మార్చమని మేస్త్రీని అడగండి. కుర్రవాడే కదా అని పొద్దంతా పైనే నిలబెట్టడం సరికాదు. వయసు చిన్నదైనా కండరం అలసట ఒకటే.

నిలకడ పెంచుకోవడం

రెండు రకాల పని కావాలి. ఒకటి, కండరం త్వరగా అలసిపోకుండా ఓర్పు పెంచడం. మునివేళ్ల మీద లేవడం, గుంజీళ్లు, ఒక మెట్టు ఎక్కి నెమ్మదిగా దిగడం, పక్కకి పడుకుని కాలు పైకెత్తడం. వారానికి మూడు రోజులు, ఒక్కో దానికి రెండు మూడు వరసలు. మెట్టు దిగడాన్ని మూడు సెకన్లు సాగదీసి చేయండి, కొండ దిగేటప్పుడు పనికొచ్చేది అదే.

రెండోది నిలకడ పని. పళ్లు తోముకునేటప్పుడు ఒక నిమిషం కుడికాలి మీద, ఒక నిమిషం ఎడమకాలి మీద నిలబడటంతో మొదలుపెట్టండి. తేలికగా అనిపించాక తల అటూ ఇటూ తిప్పుతూ, తర్వాత గోడ పక్కన కళ్లు మూసుకుని, ఆ తర్వాత స్నేహితుడు విసిరే బంతి పట్టుకుంటూ. ఇది ప్రాక్టీస్ మొదట్లో, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు చేయాలి. నాలుగు వారాలు గడిచాక మాత్రమే వారానికి ఒకసారి అలసిన కాళ్లతో, గోడ దగ్గర, పక్కన మనిషిని పెట్టుకుని చేయండి. మొదటి రోజే అలసిన కాళ్లతో చేస్తే తప్పుడు కదలికలే ఒంటికి అలవాటవుతాయి.

ఆరు వారాలకి మళ్లీ మొత్తం పరీక్ష చేయండి. అలసట లేనప్పటి తప్పుల కన్నా, మామూలు స్థితికి రావడానికి పట్టే నిమిషాలు తగ్గాయా అని చూడండి.

కాళ్ల అలసట కానివి

పరుగు ఆపిన వెంటనే కదలకుండా నిలబడితే కళ్లు బైర్లు కమ్మి తూలితే, అది నిలకడ సమస్య కాదు. పరిగెత్తేటప్పుడు పిక్కలు నెత్తురుని పైకి తోస్తూ ఉంటాయి. టక్కున ఆగితే నెత్తురు కాళ్లలోనే నిలిచి తలకి తక్కువ పోతుంది. గీత దాటాక రెండు మూడు నిమిషాలు నడుస్తూ ఉండండి, తగ్గకపోతే పడుకుని కాళ్లు పైకి పెట్టండి. ఎండలో చెమట బాగా పట్టి, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే నీడలోకి పోయి ఒళ్లు తడిపి, ఓఆర్ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ తాగాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా నోటికి ఏమీ పట్టకుండా 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ చల్లబరచండి.

రెస్ట్ తీసుకున్నా ఎప్పుడూ ఒకే వైపు తూలుతుంటే, గది గిర్రున తిరిగినట్టుంటే, చెవిలో హోరు ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పొండి. పాదం మొద్దుబారినా, నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోతున్నా నరాల డాక్టర్‌కి చూపించండి. ఒకే చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుతుంటే కట్టు కట్టించుకుని ఊరుకోకుండా ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి మీ నోటుబుక్ తీసుకుని వెళ్లండి. ఏ కాలు, ఎంత అలసటకి, ఎన్ని నిమిషాలు ఊగుతోందో అందులో ఉంటుంది కాబట్టి వాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తెలుస్తుంది.